ఒక తొగరు చెట్టు ఆత్మకథ

తొగరు కాఫీ కుటుంబానికి చెందిన చెట్టు. శాస్త్రీయ నామం మోరిండా సిట్రిఫోలియా. బజారులో దీని పండును నోని అంటారు. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న చెట్టు అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) పరిసరాల్లో, ఆస్టినాబాద్‌లో, ఒక తెలుగు కుటుంబం పెరట్లో, కోళ్ల గూడు పక్కన ఉంది. కథ తనదే అయినా ‘నేను’ అనదు. చెట్లకు ఆ అలవాటు లేదు.

తొగరు గింజలో చిన్న గాలిగది ఉంటుంది. అందుకే అది ఉప్పునీటిలో చాలాకాలం తేలి, ఒడ్డున పడ్డచోట మొలకెత్తగలదు. ఈ చెట్టు మాత్రం సముద్రం మీద రాలేదు, గబ్బిలం వదిలిన గింజ. ఇది ఏడాది పొడవునా పూస్తుంది, కాస్తుంది. చూడటానికి ఒకటే కాయ గానీ నిజానికి గుత్తిలోని పూల అండాశయాలన్నీ కలిసిపోయిన ముద్ద. బుడిపె బుడిపెకూ కన్నులాంటి మచ్చ. పచ్చగా, గట్టిగా ఉన్న కాయ పసుపుకు తిరిగి, చివరకు మైనంలా తెల్లబడి, పట్టుకుంటే చితికిపోతుంది. అప్పుడు కొట్టే కంపు కాప్రాయిక్, కాప్రిలిక్ ఆమ్లాలది. ఇంటివాళ్లు ముక్కు మూసుకుంటారు. కోళ్లు రాలిన పండు చుట్టూ మూగుతాయి.

ఈ పండు మీద పరిశోధన కూడా ఇక్కడే జరిగింది. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇప్పటి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, తొగరు పండు రసాన్ని నికోబారీ కోళ్లకు, కౌజు పిట్టలకు ఇచ్చి పెరుగుదలను, రోగనిరోధక స్పందనను పరిశీలించింది. నికోబారీ కోడి పొట్టి కాళ్ల, గుండ్రటి ఒంటి దీవుల జాతి. గుడ్లు పెట్టడంలో మన నాటుకోళ్లలో ముందుంటుంది. ఈ పరిశోధనకు ఒక నేపథ్యం ఉంది. యాంటీబయాటిక్‌లను పెరుగుదల కోసం దాణాలో కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి నుంచి నిషేధించింది. భారత్ 2019లో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహార జంతువులకు వాడకుండా ఆపింది. అలాంటి నిర్ణయాలతో పసుపు, వెల్లుల్లి, తులసి, నేలవేము లాంటివాటితో పాటు తొగరు మీదా చూపు పడింది.

కోడిపిల్లలో ముఖ్యమైన రోగనిరోధక కణాలు రెండు చోట్ల ఎదుగుతాయి. మెడ పొడవునా ఉండే థైమస్ ఒకటి, మలద్వారం పైన సంచిలా ఉండే బర్సా రెండోది. ప్రతిరక్షకాలు చేసే కణాలు బర్సాలో రూపుదిద్దుకుంటాయి. గంబోరో వ్యాధి దెబ్బ తీసేది దాన్నే. మొక్కల పదార్థాలు ఈ అవయవాలను కొత్తగా కట్టలేవు. పండులోని పాలీశాకరైడ్‌లు క్రిములను మింగే కణాలను ఉత్తేజపరుస్తాయి, విటమిన్ సి, ఫినాల్ పదార్థాలు వేడిమి ఒత్తిడిలో కణాల నష్టాన్ని తగ్గిస్తాయి. టీకాకు ఇవి తోడు మాత్రమే. కొక్కెర తెగులు టీకా వేయకుండా తొగరు రసం మాత్రమే పోస్తే, తెగులు సోకినప్పుడు కోడి బతకడం కష్టం.

తొగరును మేతగా వాడటంలో అసలు చిక్కు తేమ. దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. దాణాలో చాలా భాగం ఓడల మీద వస్తుంది. గోనెసంచి నేల మీద వదిలేస్తే అడుగున మొక్కజొన్న ఉండకట్టి, పచ్చటి బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని, బర్సాను దెబ్బతీసి, వేసిన టీకాను నిష్ఫలం చేస్తుంది. రోగనిరోధక శక్తి కోసం కలిపిన పచ్చి పండు గుజ్జే తేమ పెంచి బూజును పిలిస్తే అంతకంటే విడ్డూరం ఉండదు. కాబట్టి పచ్చి రసాన్ని ఏ పూటకాపూట నీటిలో కలిపి, మిగిలింది పారబోయాలి. దాణాలో కలపాలంటే పండును ముక్కలు కోసి, పూర్తిగా ఎండబెట్టి పొడి చేయాలి. సంచులను చెక్కబల్ల మీద పెట్టాలి. మోతాదు మించితే చేదుకు కోళ్లు మేత తగ్గిస్తాయి, గుడ్లూ తగ్గుతాయి.

తెగులు సోకి మెడ తిరిగిన కోడికి ఈ చెట్టు చేయగలిగింది ఏమీ లేదు. దాన్ని మంద నుంచి వేరు చేసి పశువైద్యుడికి కబురు పెట్టాలి. చనిపోతే సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.