మెడ వంచితే బంతి వింటుందా?

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పాసింజర్లో ఒక రిటైర్డ్ గుమాస్తాగారు కిటికీ పక్క సీటు మనవడికి వదిలేశారు. త్యాగమేమీ కాదు. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా కిటికీ అద్దంలో కనబడేది తన మొహమే, దాన్ని ఆయన ఎప్పుడో చూసేశారు.

మనవడు మాత్రం లోయల్నీ చూడలేదు, మొహాన్నీ చూడలేదు. ఫోనులో ఎవరినో కాలుస్తున్నాడు.

"ఇదీ ఓ ఆటేనట్రా? ఆటంటే పిన్‌బాల్."

"అదేంటి తాతా?"

"ఏటవాలు బల్ల, దాని మీద ఇనప బంతి. కింద రెండు రెక్కలుంటాయి. వాటి మధ్య నుంచి బంతి జారిపోకుండా కొడుతూ ఉండడమే."

"అంతేనా?"

"అంతే."

మనవడు మళ్లీ కాల్పుల్లో పడిపోయాడు.

నిజానికి తాతగారు ఇనప బంతిని ముట్టుకున్న పాపాన పోలేదు. ఆయనకు పిన్‌బాల్ దొరికింది మన్యంలో ఒక ఆఫీసులో, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లో. ఆట పేరు స్పేస్ కేడెట్. ఎడమ రెక్కకు జెడ్ మీట, కుడి రెక్కకు స్లాష్ గీత. స్పేస్ బార్ నొక్కిపట్టి వదిలితే బంతి ఎగురుతుంది. అందులో కేడెట్‌గా చేరినవాడు మెట్టు మెట్టు ఎక్కి ఫ్లీట్ అడ్మిరల్ దాకా పోవచ్చు. పక్కనే సీనియారిటీ జాబితా ఫైలు మగ్గుతుండగా, మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ఎన్ని పదోన్నతులు కొట్టారో లెక్కలేదు. కరెంటు పోతే మాత్రం అడ్మిరల్ కాస్తా మళ్లీ గుమాస్తా.

విస్టా వచ్చేసరికి ఆ ఆట మాయమైంది. 64 బిట్‌ల కంప్యూటర్లకు మార్చబోతే బంతి వస్తువుల్లోంచి దయ్యంలా దూరిపోయేదనీ, లోపమెక్కడుందో అంతుబట్టక వదిలేశామనీ మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ తర్వాత రాశాడు. బంతికి బరువుందని అందరూ నమ్మినంతసేపే ఆ ఆట.

అసలు యంత్రంలో ఆ నమ్మకంతో పనిలేదు. బంతి దాదాపు 80 గ్రాములు, బల్ల వాలు ఆరున్నర డిగ్రీలు, మిగతాది భూమి చూసుకుంటుంది. అదే 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ అనే వీడియో ఆటలోనైతే దయ్యాలు నియమం తప్పకుండా తిరుగుతాయి. ఆ దారులు కంఠతా పట్టినవాడు ఎక్కం అప్పజెప్పినట్టు గెలుచుకుంటూ పోతాడు. మాల్‌లో బొమ్మల్ని ఎత్తే పంజా యంత్రం సంగతి ఇంకా ఘోరం. పట్టు ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు సడలాలో యజమాని ముందే సర్దుకునే వీలుంటుంది. భూమి ఆకర్షణకు అలాంటి చుట్టరికాలు లేవు.

పైగా మన శరీరానికి ఒక పాత జబ్బుంది. క్యారమ్స్‌లో ఎర్రకాయ గుంత అంచున ఆగితే, ఆడినవాడితో పాటు చూసేవాళ్లంతా మెడ అటే వంచుతారు. కాయ వినదు. మెడ వంపుకి చట్టబద్ధమైన హోదా ఇచ్చిన ఆట లోకంలో పిన్‌బాల్ ఒక్కటే. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ స్ప్రింగు మీటకు పేటెంటు తీసుకున్నాడు. రెక్కలొచ్చిందేమో 1947లో, హంప్టీ డంప్టీ అనే యంత్రంతో. మధ్యలో డెబ్బై ఆరేళ్లు ఆటగాడు మీట లాగి వదిలాక చేయగలిగింది ఒక్కటే, బల్లని కుదపడం. మరీ చిందులేస్తే పట్టుకోవడానికి 1930లలో హారీ విలియమ్స్ టిల్ట్ అనే కాపలా పెట్టాడు. లోపల వేలాడే లోలకం కడియానికి తగిలిందా, ఆ బంతికి ఆట కట్టు. ఒరగొచ్చు, కాస్త తొయ్యొచ్చు, మీద పడకూడదు. పెళ్లిచూపుల మర్యాద.

పిన్‌బాల్ జూదమంటూ 1942లో న్యూయార్క్ మేయర్ లా గ్వార్డియా నిషేధించి, యంత్రాల్ని సుత్తితో తనే పగలగొట్టాడు. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగరసభ వారి ముందు యంత్రం పెట్టి, బంతి ఫలానా సందులోకి పోతుందని ముందే చెప్పి మీట వదిలాడు. పోయింది. దాంతో నిషేధమూ పోయింది. తెలుగువాళ్లం ఈ వాదన అంతకు ముందే నెగ్గాం. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. తేడా అల్లా మనవాళ్లెవరూ జడ్జీల ముందు ముక్కలు పంచి చూపించలేదు.

ఇంతలో బండి ఆగింది, ఇనప రాయి గూడ్సుకు దారివ్వడానికి. తాతగారికి కొత్త ఊపొచ్చింది. బైలదిల్లా ఇనుమును జపానుకు పంపడానికే 1960లలో ఈ లైను వేశారు. ఆ జపానులోనే పచింకో అని నిలువు పిన్‌బాల్ ఒకటుంది. 11 మిల్లీమీటర్ల ఉక్కు గోళీలు వానలా మేకుల మధ్య రాలుతుంటాయి. గోళీలు గెలిస్తే వస్తువులిస్తారు. ఆ గోళీల్లో ఒక్కటైనా మన కొండదేనని తాతగారు అక్కడికక్కడే తీర్పిచ్చేశారు. మనవడు అప్పీలు చేయలేదు, ఫోనులో ఛార్జింగు అయిపోవస్తోంది.

తిరుగు ప్రయాణం బస్సులో. అనంతగిరి ఘాటీ దిగుతుంటే ప్రతి మలుపులో తాతగారు అవతలి వైపుకి ఒరుగుతున్నారు, కొండ కుడికొస్తే ఎడమకి, ఎడమకొస్తే కుడికి. కండక్టరు కాసేపు చూసి, "ఏటి బాబూ, డ్రైవరుకి సాయం పడతన్నారేటి?" అన్నాడు.

ఫోను చచ్చిపోయింది. మనవడు మొదటిసారి కిటికీలోంచి కిందికి చూశాడు. తర్వాతి మలుపులో వాడూ ఒరిగాడు, ఆ తర్వాతి మలుపులో తాతగారి కంటే ముందే ఒరిగాడు. శృంగవరపుకోట ఇంకా దూరముంది. వెనక సీట్లోంచి ఎవరో, "బాబూ, బస్సాపండి! మా వాడికి వాంతొస్తంది!" అని కేకేశారు.

"టిల్ట్," అన్నారు తాతగారు.