కృష్ణుడు 40 వేలు, అర్జునుడు 8 వేలు

మా ఊళ్ళో శ్రీరామనవమికి రాముడి పెళ్ళి మధ్యాహ్నానికే అయిపోతుంది. పానకం, వడపప్పు పంచేసి, రాత్రికి సీతారాముల్ని పందిట్లో కూర్చోబెట్టి వాళ్ళ ఎదుట కృష్ణుడి నాటకం వేస్తాం. పెళ్ళివారు ఒకరు, పేరంటం ఇంకొకరిది. రాముడి నాటకమే వేయొచ్చుగా అని ఎవరూ అడగరు. అది వేస్తే తండ్రి మాట విని ఆస్తి వదులుకునేవాడి వేషం ఒకరు కట్టాలి. మా ఊళ్ళో ఆ వేషానికి గిరాకీ లేదు.

గిరాకీ అని ఊరికే అనలేదు. మా దగ్గర వేషం చందాను బట్టి. కృష్ణుడికి 40 వేలు, దుర్యోధనుడికి 35, కర్ణుడికి 15. అర్జునుడు 8 వేలకే, గాండీవంతో కలిపి. భీష్ముడి గడ్డం అద్దె విడిగా కట్టుకోవాలి. ధర్మరాజుకి ఒక్కడూ ముందుకు రాకపోతే, ఎలిమెంటరీ స్కూలు మాస్టారిని బతిమాలి ఉచితంగా అంటగట్టారు. నేనూ తక్కువవాణ్ణేం కాదు. పట్నంలో గుమాస్తా ఉద్యోగం, ఇంటిమీద అప్పు. అయినా 8 వేలు లెక్కపెట్టి ఇచ్చి రసీదు తీసుకున్నాను.

మరి గొంతో అంటారా? ఊరంతటికీ పద్యం పాడగల గొంతు ఒక్కటే ఉంది, సైకిల్ షాపు అతనిది. నాలుగో శ్రుతిలో అందుకున్నాడంటే చెరువుగట్టు మీద కుక్కలు కూడా నోరు మూస్తాయి. అతని దగ్గర 40 వేలు లేవు. అందుకని పుస్తకం చేతికిచ్చి తెర పక్కన ప్రాంప్టింగుకి నిలబెట్టారు. పాడగలిగినవాడు గుసగుసలాడాలి, గుసగుస కూడా రానివాడు పాడాలి.

తిరుపతి వేంకట కవుల నాటకమిది. ఇద్దరు కవులు కూర్చుని ఒక్క కృష్ణుణ్ణి రాశారు. మేం ఆ ఒక్కణ్ణీ ముగ్గురికి పంచాం. ఇది కొత్త ఆచారం కాదు లెండి. కాంట్రాక్టు నాటకాల్లో పడక సీనుకి ఒకరు, రాయబారం సీనుకి ఇంకొకరు కృష్ణులుగా దిగడం ఎప్పటినుంచో ఉన్నదే. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ళ గొంతు వినడానికి జనం మైళ్ళు నడిచి వచ్చి తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. అప్పట్లో ముగ్గురు కృష్ణులుంటే మూడు గొంతులని అర్థం. మా ఊళ్ళో మూడు చెక్కులని అర్థం.

నాటకం తొమ్మిదింటికన్నారు. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు. శాలువాలు, మెమెంటోలు, ఊరి అభివృద్ధి మీద ప్రసంగాలు అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ముఖాన సఫేదా పగుళ్ళు తీస్తుండగా తెర లేచింది.

పడక సీను మీకు తెలిసిందే. కృష్ణుడు నిద్రపోతుంటాడు. దుర్యోధనుడు తలవైపు సింహాసనం మీద, అర్జునుడు కాళ్ళ దగ్గర. పెళ్ళి స్టేజీ సోఫా మీద జరీ పంచె కప్పుకుని మా మొదటి కృష్ణుడు పడుకున్నాడు. సిమెంటు రోడ్ల కాంట్రాక్టరాయన. నా ముఖానికి జానెడు దూరంలో ఆయన పాదాలు. పారాణి తడి ఆరలేదు. దాని కింద మడమ పగుళ్ళలో ఇంకిపోయిన సిమెంటు బూడిదరంగుగా కనబడుతూనే ఉంది. దిండు కింద సెల్లు రెండుసార్లు గుర్రుమంది. మూడోసారి గుర్రుమన్నది సెల్లు కాదు, ఆయనే. తలమీద వేలాడుతున్న మైకు ఆ గురక నాలుగు దిక్కులా చాటింది. ఎంత సహజ నటనో అని జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకే మెలకువ వచ్చింది. భారతం ప్రకారం కళ్ళు తెరవగానే కాళ్ళ దగ్గరున్నవాడు కనబడాలి. తలగడ వైపు కూర్చున్నవాడి గర్వం అక్కడ దెబ్బతినాలి. కథంతా ఆ చూపు మీదే తిరుగుతుంది. మావాడు కళ్ళు తెరుస్తూనే మెడ వెనక్కి విరిచి దుర్యోధనుణ్ణి చూశాడు. చూడక ఏం చేస్తాడు? మా దుర్యోధనుడు మండలంలో పెద్దమనిషి. ఆరు నెలలుగా ఆగిన రోడ్డు బిల్లు కదలాలంటే ఆయన ఒక ఫోను చేయాలి. బావగారిని పలకరించే పద్యం ముందు ఎత్తుకున్నాడు. నేను ఉండబట్టలేక బొటనవేలు గిల్లాను. కాలు లాక్కుని, “దోమలు” అన్నాడు, మైకులోనే. దుర్యోధనుడికి సైన్యమూ దక్కింది, తొలి పలకరింపూ దక్కింది. కురుక్షేత్రం ఆ సోఫా మీదే ముగిసింది. తరవాత నేను ఎత్తిన గాండీవం అంతా దండగ.

ద్రౌపదిని మాత్రం తెనాలి నుంచి కిరాయికి పిలిపించారు. స్థానం నరసింహారావు చీర కట్టి సత్యభామగా నడిచిన నాడు ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చిందాయనకి. మా ఊరి మగాళ్ళు 40 వేలు ఎదురిచ్చినా చీర కట్టరు. ఆవిడ సాయంత్రం బస్సు దిగి, టార్పాలిన్ పట్టా చాటున ముఖానికి రంగేసుకుని, ఇంట్లో చేసుకొచ్చిన పులిహోర తిని, ఒంటరిగా కూర్చుంది. మర్నాడు వేరే ఊళ్ళో చంద్రమతి. రెండో కృష్ణుడు మాట మరిచి గుడ్లు తేలేస్తే, జుట్టు విరబోసుకుని ఏడుస్తూనే పెదవి చాటున అతని మాట కూడా అందించింది. ఆవిడ పద్యానికి ముందు వరసలో ముసలమ్మలు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. శాలువా అడిగితే కమిటీ, “కిరాయి మనిషికి ఎందుకు బాబాయ్?” అంది.

రాయబారం సీనులో మూడో కృష్ణుడికి పద్యం మొదటి పాదంలోనే ఊపిరి అయిపోయింది. తెర పక్కనున్న సైకిల్ షాపు అతను ఓపికపట్టి, పట్టి, ఇక పట్టలేక గొంతెత్తాడు. పందిరి దద్దరిల్లింది. కృష్ణుడు నోరు తెరిచి చెయ్యి చాపి నిలబడ్డాడు, అంతే. జనం వన్స్‌మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. ఐదు వందల నోటు తెచ్చి కృష్ణుడి హారానికి గుచ్చారు. ఎవరి పాటకో తెలియక కాదు, తెలిసే. రాత్రి మూడింటికి దండలు ఎవరి మెడలో పడాలో మా ఊరికి బాగా తెలుసు.

వచ్చే నవమికి హరిశ్చంద్ర వేద్దామంటున్నారు. హరిశ్చంద్రుడి వేషానికి అప్పుడే ముగ్గురు అడ్వాన్సిచ్చారట. ముగ్గురికీ సింహాసనం మీద కూర్చునే సీనే కావాలట. కాటి సీను మాత్రం ఖాళీగా ఉంది. కంబళి, కర్ర కమిటీవే, 8 వేలకి ఇస్తామని నాకు కబురంపారు. బేరమాడితే 6 వేలకి కూడా దిగుతారట.