రంగు చెట్టుది, గీత చేతిది

నేను తుపాకీ వెనకుండే కర్రను. గురి చూసేవాడి చెంప ఆనేది నా మీదే, గుండు వెళ్లాక భుజాన్ని తన్నేదీ నేనే. పేలేది ఇనుము కాబట్టి పేరంతా దానిదే. కానీ అమెరికాలో ప్రత్యేకంగా తుపాకీ చేయించుకునే షోకిలాలు ముందు చూసేది నన్ను. ఫ్యాక్టరీ కర్రలు చాలావరకు ఒకే కొలతలో దిగుతాయి. మేము అలా కాదు. ఒక మనిషి చేతి పొడవు, మెడ తీరు, చెంప ఎత్తు కొలుచుకుని అతనికోసమే చెక్కితే తయారైనవాళ్లం.

నా పుట్టిల్లు కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయ. అక్కడి పాత అక్రోటు తోటల్లో కింద స్థానికమైన క్లారో అక్రోటు మొదలు ఉండేది, దానిమీద ఇంగ్లీష్ అక్రోటు అంటు కట్టేవారు. కాపు తగ్గిన చెట్టును కొట్టినప్పుడు కింది భాగం ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో వస్తుంది. అంటుకు పైన తేనె రంగు, దానిమీద నల్లని చారలు. నేను ఆ పైభాగాన్ని. పలకగా కోసి, చివర్లకు మైనం పూసి, ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టారు. పచ్చి మీదే చెక్కితే మేం తర్వాత మెలి తిరుగుతాం, ఇనుము పట్టు తప్పుతుంది, గురీ తప్పుతుంది.

నన్ను చెక్కినాయన 1950ల నాటి మనిషి. మౌజర్ 98 ఇనుముకు నన్ను అమర్చాలి. ఆయన ఇనుముకు నూనెలో కలిపిన దీపపు మసి పూసేవాడు. దాన్ని నాలోకి దింపి తీసేవాడు. నాకు మసి అంటిన చోటల్లా ఉలితో పలచగా గీకి, మళ్లీ దింపేవాడు. మసి అంతటా సమానంగా అంటేదాకా అదే పని. ఆ తర్వాత పిడి మీద చెకరింగ్. అంగుళానికి 24 గీతలు, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. వాటి మధ్య నిడుపాటి వజ్రాల గళ్లు లేస్తాయి, ఒక్కొక్కటి వెడల్పుకు మూడు, మూడున్నర రెట్ల పొడవు. చివరికి నూనె పట్టించి, తడి మీదే గరుకు కాగితంతో రుద్దితే నా పొడే నా రంధ్రాల్లో నిండి ఒళ్లు నున్నబడింది.

ఇలా నాలో ఇద్దరి పని ఉంది. చారలూ రంగూ చెట్టు చేసినవి. ఒంపులూ గీతలూ చెయ్యి చేసినవి. నా ఫొటో తీయాల్సి వచ్చినప్పుడల్లా తగువంతా ఈ ఇద్దరి మధ్యే.

మొదటి ఫొటో ఒక పత్రిక కోసం. అప్పట్లో రంగుల పేజీ అంటే నాలుగు ప్లేట్ల ఖర్చు. అందుకని లోపలి పేజీలు ఎక్కువగా నలుపు తెలుపే. నా పక్కన గోడకు ఒక పాత తుపాకీ ఉండేది. దాని ఫొటో ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ మీద తీశారట. ఆ ఫిల్మ్‌కు ఎరుపు కనబడదు. ఎర్రగోధుమ కర్ర కాస్తా బొగ్గు ముక్కై, చార అన్నదే లేకుండా పోయింది. నా వంతుకు అన్ని రంగులూ చూడగలిగే పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ వచ్చేసింది. ఫొటోగ్రాఫరు నన్ను ఉత్తరం కిటికీ దగ్గర పెట్టి, కెమెరాకు ఎర్ర ఫిల్టరు తగిలించాడు. అది వెలుతురును ఎంత మింగుతుందంటే ఎక్స్‌పోజరు ఎనిమిది రెట్లు పెంచాలి. కదలని కర్రకు దాంతో ఇబ్బందేముంది! తేనె రంగు నా ఒళ్లు ఫొటోలో తేటపడింది, నల్ల చారలు నల్లగానే నిలిచాయి. కంటికి కనిపించేదానికన్నా చారలే స్పష్టంగా వచ్చాయి. చిక్కల్లా నా మడమకు, అంటే భుజానికి ఆనే కొసకు, తొడిగిన నారింజ ఎరుపు రబ్బరుతో. ఎర్ర ఫిల్టరులోంచి అది తెల్లబడి, నాకేదో దెబ్బ తగిలి కట్టు కట్టినట్టు వచ్చింది.

కిటికీ వెలుతురు పక్కనుంచి వాలుగా పడింది కాబట్టి ప్రతి గడికీ ఒక ముఖం వెలుగులో, ఒక ముఖం నీడలో ఉంది. అంగుళంలోని 24 గీతలూ లెక్కపెట్టుకోవచ్చు. పిడి కింద ఒకచోట ఒక గీత అంచు దాటి వెంట్రుకవాసి బయటికి జారింది. చేతిలో పట్టుకున్నవాళ్లు కూడా గమనించనిదాన్ని ఆ ఫొటో పట్టేసింది.

తర్వాత యజమాని ఒకాయన కొడాక్రోమ్ స్లైడు తీశాడు. 1935లో వచ్చి 2009లో తయారీ ఆగిపోయిన ఫిల్మ్ అది. నన్ను పచ్చిక మీద పడుకోబెట్టి, మధ్యాహ్నపు ఎండలో క్లిక్కుమనిపించాడు. తేనె రంగు వచ్చింది. ఎముకల బొగ్గులో కాల్చి గట్టిపరిచిన పిడి బిళ్ల మీది నీలం, గడ్డి పసుపు, గోధుమ మరకలూ వచ్చాయి. నలుపు తెలుపులో అవన్నీ ఒట్టి మచ్చలే. కానీ పచ్చిక రంగు నూనె మెరుపు మీదా, నల్లని ఇనుము మీదా పాకి కూర్చుంది. ఎండ నడినెత్తిన ఉండడంతో గళ్లు చదునుబడ్డాయి. జారిన గీత ఎక్కడుందో వెతికినా దొరకదు.

అయితే రంగు ఇంకో గుట్టు బయటపెట్టింది. మడమ కింది కొసన చేవ పట్టని తెల్ల చెక్క కొంచెం మిగిలితే, చెక్కినాయన రంగు పూసి కలిపేశాడు. ఈ వృత్తిలో అది మామూలే. ఎర్ర ఫిల్టరు దాటి వచ్చిన వెలుగులో పూసిన రంగుకూ చేవ రంగుకూ తేడా లేదు, ఛాయలోనే తేడా. నలుపు తెలుపుకు ఛాయ తెలియదు, వెలుగే తెలుసు. కాబట్టి రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. స్లైడులో మాత్రం ఆ కొస కాస్త పచ్చదనం తిరిగి విడిగా కనబడింది. ఒకసారి అమ్మకానికి పెట్టి పత్రిక ఫొటో ఒక్కటే పంపితే, కొనవచ్చినాయన నన్ను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి ఆ కొస చూసి ధర తగ్గించమన్నాడు. న్యాయమే.

ఇప్పుడు నన్ను తీసేది డిజిటల్ కెమెరా. ఎలాగూ రంగుల్లోనే తీస్తుంది, కావాలంటే కంప్యూటర్లో నలుపు తెలుపు చేసుకోవచ్చు. ఎరుపు పాలు పెంచితే పాత ఎర్ర ఫిల్టరు చేసిన పనే జరుగుతుంది, నీలం పాలు పెంచితే నేనూ ఆ పాత తుపాకీ కర్రలా బొగ్గునవుతాను. ఇక ముందే తేల్చుకోవాల్సిన పనేముంది అనుకుంటారు. ఈమధ్య నన్ను తీసిన అమ్మాయి అలా అనుకోలేదు. లైట్లు పెట్టకముందే యజమానిని అడిగింది: “చెక్క చూపించాలా, పనితనం చూపించాలా?” చెక్కకైతే పెద్ద మెత్తని వెలుతురు పెట్టి, తెలుపు సరిచూసుకోవడానికి పక్కన బూడిద రంగు కార్డు ఉంచింది. లెన్సుకు పోలరైజర్ తగిలించి తిప్పితే నూనె మెరుపు తగ్గి చారలు లోతు దాకా కనిపించాయి. ఇనుము మెరుపు మాత్రం దానికి లొంగలేదు. లైట్ల ముందు కూడా పోలరైజింగ్ షీట్లు కడితేనే లొంగుతుంది. మెరుపంతా చంపేస్తే నూనె పట్టించిన కష్టమూ కనబడదు గనక కొంచెం మిగిల్చింది. గీతలకైతే అవన్నీ తీసేసి, ఒక చిన్న లైటును నేలబారుగా పక్కకు దించింది. మొదటి వెలుతురులో తీసినదాన్ని ఎంత నలుపు తెలుపు చేసినా గళ్లు లేవవు. కెమెరా మీట నొక్కాక మార్చుకోగలిగేది రంగునే, నీడను కాదు.

నన్నడిగితే ఒకే మాట. అమ్మకానికి పెట్టి నలుపు తెలుపు ఫొటోలే చూపించేవాడి దగ్గర తుపాకీ కర్ర కొనకండి. రంగుల ఫొటో ఒక్కటే చూసి చెక్కినవాడి పనితనం మెచ్చుకునేవాడి మాట నమ్మకండి.