లెక్కల దాత

అన్నదానం చేసేవాళ్లని చూశాం, రక్తదానం చేసేవాళ్లని చూశాం. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు బాబాయిది లెక్కల దానం. జర్మనీలో ఎక్కడో ఉన్న సర్వర్ని నెలవారీ అద్దెకు తీసుకుని, అందులో బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, దాని బుర్రని శాస్త్రవేత్తలకు ఊరికే రాసిచ్చేశాడు.

బర్క్‌లీ వాళ్లు 1999లో గ్రహాంతరవాసుల కోసం మొదలెట్టిన సెటి ఎట్ హోమ్‌తో అంటుకుంది ఈ పిచ్చి. 2020 మార్చి 31తో వాళ్లు కొత్త పని పంపడం మానేస్తే బాబాయి ఆ పూట అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ వాళ్లకు పల్సార్లనే చుక్కల్ని వెతికిపెడుతున్నాడు.

"వంటింట్లో కుళాయి చుక్క చుక్క కారుతుంటే ఈయన చెవికెక్కదు. ఆకాశంలో చుక్క టిక్కుమంటే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు" అంటుంది పిన్ని.

పొద్దున్నే ఓ చేత్తో కాఫీ గ్లాసు, ఒళ్లో లాప్‌టాప్. సర్వర్‌తో మంతనాలన్నీ ఇక్కణ్నుంచే. "పోర్టు నంబరు 31416 రా అబ్బాయ్, పై విలువ! ఎంత రసికులో చూశావా!" అని నాకు ఏడోసారి చెప్పాడు.

సర్వర్‌లోకి దారిచ్చే ఆ పోర్టు గుమ్మానికి కాపలా పెట్టిందీ ఆయనే. తన ఇంటి ఐపీ అడ్రసు నుంచి తప్ప ఇంకెవరొచ్చినా రానివ్వొద్దని ఫైల్లో రాసిపెట్టాడు. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది, రూటర్‌కి కొత్త అడ్రసు వచ్చింది. అంతే, సర్వర్ బాబాయినే గుమ్మంలో నిలబెట్టేసింది. పాస్‌వర్డ్ చెప్పినా "మీరెవరో నాకు తెలీదు" పొమ్మంది. అద్దె కట్టేవాడికే ఆ మర్యాద! తెల్లవారుజామున మూడింటికి ఎస్‌ఎస్‌హెచ్ అనే దొడ్డిదారి పట్టుకుని, ఇంటిమనిషిలా లోపలికి దూరాడు.

మరుసటి వారమే అద్దెకిచ్చినవాళ్ల మెయిలొచ్చింది: ప్రాసెసర్ని రాత్రింబవళ్లు నూటికి నూరు పాళ్లు మీరే వాడేస్తే పక్కవాటాల వాళ్ల గతేమిటని. బాబాయి వాడకాన్ని సగానికి తగ్గించాడు, బిడ్డకి పాలు తగ్గించినంత బాధతో.

ఇంత చేస్తే దక్కేవి కాబుల్‌స్టోన్లనే క్రెడిట్లు. ఒక గిగాఫ్లాప్ యంత్రం రోజంతా చాకిరీ చేస్తే 200. వాటితో కరివేపాకు రెబ్బయినా రాదు.

గుడికి ట్యూబ్‌లైటిచ్చి, వెలుతురు రానంత లావు అక్షరాలతో పేరు రాయించుకునే దాతలున్న లోకమిది. అందులో, చూడని చుక్కల కోసం నెలనెలా అద్దె కట్టేవాడు మా బాబాయి. ఆ పుణ్యంలో పిన్నికీ వాటా ఉంది.

కుళాయి ఇంకా కారుతూనే ఉంది.