నైవేద్యం చెంచా

ఆత్మకూరులో ఒంటరిగా ఉండే ఆడపిల్లకి సింగిల్ బెడ్‌రూం పోర్షన్ దొరకాలంటే కాళ్ళరగాల్సిందే. "పెళ్ళయిందా?"తో మొదలై "మీరేమిటోళ్ళు?" దాకా వస్తారు. అద్దె మాట ఆ తర్వాతే. గేటుకి కట్టిన 'శాకాహారులకు మాత్రమే' అన్న అట్టముక్క చాలాచోట్ల అడిగేది కూర సంగతి కాదు, పుట్టుక సంగతి. ఇది అన్యాయమని ఆ ఇళ్ళవాళ్ళకి కూడా తెలుసనే నా నమ్మకం. తెలియకపోతే ఆ మాటే సూటిగా రాసి కట్టేవాళ్ళు కదా!

మా బడికి కొత్తగా వచ్చిన టీచరుది ఉదయగిరి. తెల్లారకముందే బస్సెక్కేది, చీకటిపడ్డాక ఇల్లు చేరేది. వాళ్ళ నాన్న చెక్క చెంచాలు చేస్తాడు. "వాటి మీదే నన్ను బి.ఇడి. చదివించాడు మేడమ్. ఒక్క చెంచా కావాలన్నా ఆర్డరు వదులుకోడు" అని చెప్పేది.

బజారు వెనక పాత వీధిలో ఒక మిద్దె మీద పోర్షన్ ఖాళీ అయిందని తెలిసి తీసుకెళ్ళాను. ఇంటావిడ పెద్ద వయసు మనిషి, కలుపుగోలుగా మాట్లాడింది. అద్దె నాలుగున్నర వేలు, రెండు నెలల అడ్వాన్సు, మోటారు పొద్దున ఒక్కసారే. "నీసు మాత్రం వండకూడదు పాపా." వండనంది అమ్మాయి. కింద ఆవిడ ఇంట్లోనే కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది.

"ఏ వూరు పాపా మీది?"

"ఉదయగిరండీ."

ఆవిడ మొహం విప్పారింది. "కృష్ణుడి ఊరు గదమ్మా!" అంటూ మొదలుపెట్టింది. 1514లో రాయలవారు గజపతుల కోటని గెలవడం, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించడం, అంతా చూసొచ్చినట్టే చెప్పింది. ఆ స్వామి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడని చెబుతుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆ భక్తిలో నటన ఏమీ లేదు.

దేవుడి గదిలోకి వెళ్ళి ఒక చెంచా తెచ్చింది. "స్వామికి వెన్న పెట్టేది దీంతోనే. స్టీలు తగలనియ్యను. లేపాక్షిలో కొన్నా. ఇది కూడా మీ ఊరిదే!"

అరచేతిలో ఇమిడేంత చెంచా. వెన్న తీసే చోట వెలుతురు కనబడేంత పలచన. కాడ చివర చిన్న జాలీ పని. అమ్మాయి దాన్ని తిప్పి చూసి, కాడ వెనక బొటనవేలితో తడిమింది.

"ఇది మా నాన్న చేసిందేనండీ. ఆయనది ఎడం చేతివాటం. కాడ ఇక్కడ కాస్త పక్కకి ఒరుగుతుంది. నర్ది చెక్క. ఆకురాయి పట్టడం దాకా నాన్న, గరుకు కాగితంతో నున్నగా రుద్దేది మా అమ్మ."

"అట్నా! ఎంత పుణ్యం చేసుకున్నాడమ్మా మీ నాయన! ఆచార్లా మీరు?"

"కాదండీ" అని పేరు చెప్పింది. మాది దిలావర్‌భాయ్ వీధి అని కూడా చెప్పింది, కాస్త గర్వంగానే. ఉదయగిరిలో చెక్క చెంచాలంటే ముందు ఆ వీధి పేరే చెబుతారు.

పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తమ్ముడి కొడుకు ఆ పోర్షన్ అడిగాడనీ, ఆ సంగతే మర్చిపోయాననీ అంది. చెంచాని కాడ కొసన పట్టుకుని అమ్మాయి చేతిలోంచి తీసుకుంది. కుళాయి తిప్పి కడిగింది. మళ్ళీ కడిగింది. తీసుకెళ్ళి కృష్ణుడి ముందు పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. గేటు దాకా వచ్చామో లేదో వెనక నుంచి పిలుపు.

"పాపా! ఆ చెంచా అంచు అరిగిపోయిందమ్మా. మీ నాయనకి చెప్పి ఇట్టాంటిదే ఇంకోటి చేయించి తెచ్చియ్యి. డబ్బులిస్తాలే. ఆయన చేతిదే కావాల, ఇంకొకరిది స్వామికి పెట్టలేను."

పద పోదామన్నాను నేను. అమ్మాయి కదల్లేదు. బ్యాగులోంచి పెన్నూ కాగితం తీసింది.

"కాడ ఎంత పొడవుండాలండీ?" అని అడిగింది.