ముందు మెరుపు, వెనక టేపు

ధారూర్ బజారులో దుకాణం ముందైనా, తాండూరులో నాపరాళ్ల వ్యాపారి గేటు మీదైనా ఎల్‌ఈడీ స్క్రోలింగ్ బోర్డు పెట్టించాలంటే పెద్ద చర్చే నడుస్తుంది. అక్షరాలు ఏ రంగులో పరుగెత్తాలి, దేవుడి పేరు ముందా ఓనరు పేరు ముందా అన్నవి గంటలకొద్దీ తేలవు. కరెంటు వైరును బోర్డుకు ఎలా కలపాలన్నది మాత్రం నిమిషంలో తేలిపోతుంది: రెండు కొసలు మెలేసి నల్ల టేపు చుట్టెయ్. వేలు పోసి కొన్న వెలుగంతా ఆ టేపు జిగురు మీద ఆధారపడి ఉంటుంది. ఎండకు జిగురు కారి, అనంతగిరి వైపు నుంచి వాన దిగిందంటే ఇనుప ఫ్రేముకూ ఫేజుకూ స్నేహం కుదురుతుంది. అందుకే బోర్డు కన్నా ముందు ఎంచి కొనవలసింది కనెక్టర్‌ను.

"ఐదు వోల్టులే కదా, ఏమైతది?" అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆయన మాటలో సగం నిజం. ప్యానెళ్లకు చేరేది ఐదు వోల్టులే. కానీ వాటిని తయారుచేసే పవర్ సప్లై డబ్బాలోకి వెళ్లేది 230. స్విచ్ కట్టేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల పైచిలుకు కాసేపు నిలిచే ఉంటుంది, మూత విప్పే చేతి కోసం. పోనీ, ఐదు వోల్టుల వైపైనా అమాయకమా అంటే అదీ కాదు. వోల్టులు తక్కువైతే అదే పనికి ఆంపియర్లు ఎక్కువ కావాలి. వదులైన కనెక్టర్ దగ్గర 0.05 ఓమ్ నిరోధం ఉండి, దాంట్లోంచి 20 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 20 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ఫ్లెక్సీ వెనక పెట్టి మరిచిపోయినట్టే.

ఇక ప్లగ్గుల సంగతి. కరెంటు వచ్చే కొసకు సాకెట్టు, బోర్డు కొసకు పిన్నులు ఉండాలి. ఊడిపడినా బయటికి కనిపించే లోహంలో కరెంటు ఉండదు. మన పందిళ్లలో రెండు కొసలకూ పిన్నులున్న వైర్లు దర్జాగా తిరుగుతుంటాయి. ఒక కొస గోడలో, రెండోది మనిషి చేతిలో! మూడో పిన్ను ఎర్తింగ్ కోసం. సాకెట్టులో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టే విద్యలో మనకు సాటి లేరు. ఆ తర్వాత ఫ్రేము ముట్టుకుంటే జిల్లుమంటుంది. అది ఫిర్యాదు కాదట, "కరెంటు బాగా వస్తోంది" అనడానికి గుర్తట.

2020 సెప్టెంబరు 1న కుప్పం ప్రాంతంలోని శాంతిపురంలో సినీహీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు, 2023 జులైలో నరసరావుపేట దగ్గర మరో హీరో బ్యానర్ కడుతూ ఇద్దరు విద్యార్థులు కరెంటు తగిలి పోయారు. "అవి పై తీగలు, కనెక్టర్లు కావు" అనవచ్చు. ఒప్పుకుందాం. కానీ కరెంటుకు పై తీగ, కింది తీగ అన్న పట్టింపు లేదు. చేతిలో ఇనుప చట్రం, ఆపని లైను, అంతే దానికి కావలసింది. "పదేండ్ల సంది ఇట్లనే కడుతున్నం, ఏం కాలె" అన్నది రెండో వాదన. ఏమైనా అయినవాళ్లు వచ్చి ఎదురు సాక్ష్యం చెప్పరు కాబట్టి ఈ వాదన ఎన్నటికీ ఓడదు. మిగిలింది ఖర్చు. నీళ్లు చొరని కనెక్టర్లు, 30 మిల్లీయాంపియర్లు లీకైతే లైను కొట్టేసే బ్రేకరు, ఎర్త్ వైరు, అన్నీ కలిపినా ప్రారంభోత్సవం దండలూ శాలువాల పద్దుతో పోటీ పడలేవు.

పోనీ పని కష్టమా? ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసి, కాసేపు ఆగాలి. ఫ్రేముకు ఎర్త్ ముందు, ఐదు వోల్టుల వైపు ప్లస్సూ మైనస్సూ చూసి తర్వాత, మెయిన్ వైరు అన్నిటికన్నా చివర. ఊడదీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా కనెక్టర్ ఒంటినే పట్టుకోవాలి. రిబ్బన్ కత్తిరించే నాయకుడు ఎలాగూ రెండు గంటలు ఆలస్యంగానే వస్తారు. ఆ లోపు ఊరి బోర్డులన్నిటికీ ఈ పని చేసి రావచ్చు.