మోసపోదలచినవారికి కొన్ని చిట్కాలు

బద్వేలు నాలుగు రోడ్ల కాడ టీ తాగే పదిమందిని కదిలిస్తే అందరికీ దొంగఫోన్లు వచ్చినవే. అయినా కొందరికి రూపాయి పోలేదు. లోపం ఫోన్ చేసినోడిది కాదు, వీళ్లకే తొందర చాలలేదు. అలాంటివాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ముందుగా పాత అలవాటు మానుకోండి. ఎద్దును కొనాలంటే మనవాళ్లు నోరు తెరిపించి పళ్లు లెక్కబెడతారు, నాలుగడుగులు నడిపిస్తారు, కాడి కట్టి చూస్తారు. అప్పటికీ నమ్మకం చాలక బావమరిదిని వెంటబెట్టుకుపోతారు. ఫోన్లో లక్షల బేరం వచ్చినప్పుడు ఇవేవీ పనికిరావు. బావమరిదికి అసలే చెప్పొద్దు.

'పీఎం కిసాన్ 2,000 పడాలంటే ఇది నొక్కండి' అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కండి. తెలియనిచోటి నుంచి వచ్చిందని ఫోనే అడ్డం పడుతుంది, దాని మాట వినొద్దు. మీ మెసేజీలు చదువుకోవచ్చా అని ఆ ఫైలు అడిగితే సరేననండి. ఇక ఓటీపీ చెప్పే శ్రమ కూడా మీకు ఉండదు, వాళ్లే చదువుకుంటారు.

మీకు డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి అంటే కొట్టేయండి. డబ్బు రావడానికి పిన్నుతో పనే లేదు, పోవడానికే కావాలి. ఎంత పోతుందో తెర మీద అంకెల్లో కనబడుతూనే ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టుకోవడం మంచిది.

అన్నిటికన్నా గొప్పది డిజిటల్ అరెస్టు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనక గోడకు ఏదో ముద్ర. మీ పేరున వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికిందట. తలుపేసుకో, ఎవరికీ చెప్పొద్దు అంటాడు. చట్టంలో ఇలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధానే చెప్పారు. ఆగండి, ఆలోచించండి, తర్వాతే ఏదైనా చేయండి అన్నారు. ఆగితే ఇంకేముంది! వసారాలో కూర్చున్న జేజి ఊరుకోదు. 'ఎవుర్రా అది? పోలీసోళ్లయితే ఇంటికి రారా?' అంటుంది. ఇంత కథా ఆ ఒక్క మాటతో చెడుతుంది. అందుకే ముందు జేజిని పక్కింటికి పంపండి.

బతుకుదెరువుకు కువైట్ పోవడం ఎరిగిన జిల్లా మనది. ఏజెంటు మాట నమ్మి మోసపోయిన కథ లేని ఊరు అరుదు. ఇప్పుడు కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమంటే మళ్లీ నమ్మండి. అలా వెళ్లిన మన పిల్లలను నిర్బంధించి, ఇలాంటి మోసాలే చేయించారని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అవతల తెలుగు గొంతు వినబడగానే మనోడే అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోకూడదు.

ఇన్ని చేశాక డబ్బు పోనే పోయింది. ఇలాంటి మోసాలు చెప్పుకోవడానికి 1930 అనే నంబరు ఒకటుంది, రాత్రీ పగలూ పలుకుతుంది. వెంటనే చెబితే, డబ్బు ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే, బ్యాంకువాళ్లు దాన్ని అక్కడే ఆపగలరు. ఆలస్యమయ్యేకొద్దీ అది ఖాతాలు మారిపోతుంది. కాబట్టి మీరు చేయొద్దు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది. దుప్పటి కప్పుకుని పడుకోండి. బ్యాంకు ఎటూ పదింటికి తెరుస్తారు.